లక్క సీలు పోయి డిజిటల్ సంతకం వచ్చాక: బీమా కంపెనీల కొనుగోళ్లు నిజంగా బాగుపడ్డాయా?

పోయిన నెల సంఘం సమావేశం అయిపోయి కాఫీలు తాగుతుండగా మన సభ్యుల్లో ఒకాయన నన్ను పక్కకు పిలిచారు. తండ్రి కాలం నుంచి చిన్న ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతున్న కుటుంబం వాళ్లది. "అన్నా, మీరు బీమా ఆఫీసులో పనిచేసినవారు కదా. ముప్పై ఏళ్లు వాళ్లకి రిజిస్టర్లు, కవర్లు, ఫారాలు వేసి ఇచ్చాం. అంతా ఆన్‌లైన్ అన్నాక మాకు ఫోన్ కూడా రావడం లేదు. మా సంగతి సరే, దానివల్ల ఆ కంపెనీకైనా మేలు జరిగిందా?" అని అడిగారు.

నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీల్లో ఒకదాని డివిజనల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్లు స్టేషనరీ, కొనుగోళ్ల సెక్షన్‌లోనే గడిచాయి. లక్క సీళ్ల కాలం, కంప్యూటర్ టెండర్ల కాలం, రెండూ ఒకే కుర్చీలో కూర్చుని చూశాను. మన ఇళ్లలో ఇలాంటి ఆఫీసులకు సరుకు ఇచ్చేవాళ్లు ఉన్నారు, ఇవ్వాలనుకునేవాళ్లు ఉన్నారు. పాలసీలు అయితే అందరికీ ఉన్నాయి. కాబట్టి ఇది అందరికీ పనికొచ్చే విషయమే అనుకుంటాను.

బీమా కంపెనీ ఏం కొంటుంది?

కార్ల ఫ్యాక్టరీ ఇనుము కొంటుంది, స్వీట్ల కొట్టు పంచదార కొంటుంది. బీమా కంపెనీ అమ్మేది ఒక మాట. ఆ మాటకి ముడిసరుకేమీ ఉండదు. అయినా కొనాల్సినవి బోలెడు. కాగితం, కవర్లు, కుర్చీలు, కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్, యూపీఎస్ బ్యాటరీలు, వాచ్‌మన్లు, ఊడ్చి తుడిచే మనుషులు, కార్లు, ఎస్ఎంఎస్‌లు పంపే సేవ... ఇది ఒక వరుస. రెండో వరుస క్లెయిముల వైపుది. నష్టం లెక్కకట్టే సర్వేయర్లు, ఆసుపత్రి బిల్లులు చూసే టీపీఏలు, వకీళ్లు, దర్యాప్తు చేసేవాళ్లు. మొదటి వరుసను మా సెక్షన్ కొనేది. రెండో వరుసను క్లెయిమ్స్ డిపార్ట్‌మెంటు ఎంచుకునేది. ఆన్‌లైన్ కొనుగోళ్ల వల్ల ఏం బాగుపడింది, ఏం బాగుపడలేదు అన్నది ఈ రెండు వరుసల్లో ఒకేలా లేదు.

ఈ ఖర్చుకు ఒక హద్దు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. హైదరాబాదులో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం సాధారణ బీమా కంపెనీ నిర్వహణ ఖర్చులు మొత్తం ప్రీమియంలో 30 శాతం దాటకూడదు. ఆరోగ్య బీమా ఒక్కటే చేసే కంపెనీలకు 35 శాతం. ఏజెంట్ల కమీషన్, జీతాలు, అద్దెలు అన్నీ ఇందులోకే వస్తాయి. అంటే మీరు వంద రూపాయలు కడితే కవర్లకీ కంప్యూటర్లకీ పోయేది ఆ ముప్పైలో ఒక చిన్న ముక్క. మిగతా పెద్ద ముద్ద క్లెయిములదే. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పాత పెట్టె

మా ఆఫీసులో టెండర్ పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి మేనేజరుగారి దగ్గర, ఇంకొకటి అకౌంట్స్ ఆఫీసరు దగ్గర ఉండేవి. ఫలానా రోజు మూడింటికి తెరిచేవారు. కవర్ల మీద లక్క సీలు చూసి, చించి, ధరలు పైకి చదివేవారు. అంకెల చుట్టూ ఎర్ర సిరాతో గీసి ఇద్దరు సంతకం పెట్టేవారు. తర్వాత నా పని మొదలయ్యేది. కంపారటివ్ స్టేట్‌మెంటు టైపు చేసి, నోట్ షీటు రాసి, ఫైలు పైకి పంపడం. అది రీజినల్ ఆఫీసుకు వెళ్లి తిరిగొచ్చేసరికి రెండు మూడు నెలలు. ఈలోగా కవర్లు అయిపోతే పక్క బ్రాంచి నుంచి అప్పు తెచ్చుకునేవాళ్లం.

అదంతా నిజాయితీగా జరిగేదని చెప్పలేను. ఒకసారి మూడు షాపుల పేర్లతో మూడు కొటేషన్లు వచ్చాయి. లెటర్‌హెడ్లు వేరు, సంతకాలు వేరు. కానీ మూడింట్లోనూ ఒకే మాటలో ఒకే అక్షరం తప్పు, అది కూడా ఒకే టైపు మిషన్ మీద పడిన వంకర అక్షరం. పైకి చూపించాను. "పని ఆగకూడదు కదండీ" అన్నారు. ధర సమంజసంగానే ఉందని నోట్ రాయించి ఆర్డరు ఇచ్చారు. రాసిన చెయ్యి నాదే.

ఏం మారింది?

కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ టెండర్లను అందరికీ కనబడేలా ఒకేచోట ప్రకటించే సీపీపీ పోర్టల్ 2012లో అమల్లోకి వచ్చింది. 2016 ఆగస్టు 9న ప్రభుత్వ ఈ-మార్కెట్ వచ్చింది. దాన్నే అందరూ జెమ్ అంటారు. 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 149వ నియమం ప్రకారం జెమ్‌లో దొరికే వస్తువులూ సేవలూ ప్రభుత్వ శాఖలు అక్కడే కొనాలి. ఫ్యాన్లు, బీరువాలు, టైపు మిషన్ల దగ్గర్నుంచి రేటు కాంట్రాక్టులు కుదిర్చిపెట్టిన డీజీఎస్ అండ్ డీ అనే పాత సంస్థను అదే సంవత్సరం అక్టోబరు 31న మూసేశారు. బీమా కంపెనీలకు సొంత కొనుగోలు నియమావళి ఉంటుంది గానీ, ప్రభుత్వ రంగంలో ఉన్నవి ఈ దారికే వచ్చాయి. పెద్దవాటికి ఈ-టెండరు, జెమ్‌లో దొరికేవాటికి జెమ్. ప్రైవేటు బీమా కంపెనీలకు ఈ నిర్బంధం లేదు. అవి సొంత సాఫ్ట్‌వేర్లు పెట్టుకుని, తాము నమోదు చేసుకున్న సరఫరాదారులనే పిలుస్తాయి.

ఇక్కడో చిన్న విడ్డూరం. జెమ్‌లో గ్రూపు ఆరోగ్య బీమా, వాహన బీమా కూడా సేవలుగా దొరుకుతాయి. అంటే ఒక కిటికీలో కొనుగోలుదారుగా కూర్చునే బీమా కంపెనీ పక్క కిటికీలో అమ్మకందారుగా నిలబడుతుంది.

కొనుగోలంటే ఒక గొలుసు. ఫలానాది కావాలని ఇండెంటు రాయడం, ఎలాంటిది కావాలో స్పెసిఫికేషన్ రాయడం, టెండరు, ఆర్డరు, సరుకు దిగడం, చూసి సంతకం పెట్టడం, బిల్లు, చెల్లింపు. కంప్యూటరు వచ్చింది ఈ గొలుసు మధ్యలో ఉన్న టెండరుకు, ఆర్డరుకు. జెమ్‌లో అయితే సరుకు అందిన ధ్రువీకరణ కూడా అందులోనే జరుగుతుంది. మొదటి రెండు లింకులు మాత్రం మనిషి చేతిలోనే ఉన్నాయి. నేను చూసినంతలో లాభనష్టాలు తేలేది అక్కడే.

ధర, సమయం

ధర తగ్గిందా అంటే, అందరూ ఒకేలా తయారుచేసే సరుకులో తగ్గింది. కంప్యూటర్లు, ఏ4 కాగితం, బ్యాటరీలు, కుర్చీలు. కారణం కంప్యూటర్ మహిమ కాదు. ఇదివరకు మా ఊళ్లో నలుగురే కవర్లు వేసేవారు. ఎవరు వేస్తున్నారో మిగతావాళ్లకి తెలుసు. ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో వేస్తారు, పక్కవాడెవడో తెలియదు. రివర్స్ ఆక్షన్ పెడితే ధర కళ్లముందే దిగుతూ వస్తుంది. ఒకసారి యూపీఎస్ బ్యాటరీలకు ఆక్షన్ నడుస్తుంటే మా సెక్షన్ అంతా క్రికెట్ చూసినట్టు స్క్రీను చుట్టూ చేరింది.

చిన్న ఆర్డర్లలో ఈ లాభం నిలవదు. ఉదాహరణకి రీముకు ఐదు రూపాయలు తక్కువ పడిందనుకోండి. ఆర్డరు ఇరవై రీములు. మిగిలింది వంద రూపాయలు. ఆ వంద కోసం గుమాస్తా ఒక పూట స్క్రీను ముందు కూర్చుంటే, సరుకు వందల మైళ్ల నుంచి వారం ఆలస్యంగా వస్తే, లాభం ఎవరికి? కంపెనీ లెక్కల్లో ఐదు రూపాయల తగ్గింపు కనిపిస్తుంది. గుమాస్తా పూట కనిపించదు. అందుకే నియమాల్లో కూడా చిన్న మొత్తాలకు నేరుగా కొనే వీలు, మధ్య మొత్తాలకు ధరలు పోల్చి కొనే వీలు, పెద్దవాటికే బిడ్ అని పెట్టారు. ఆ హద్దుల్ని అప్పుడప్పుడు మారుస్తూ వచ్చారు.

సమయం సంగతి కొంచెం చిత్రం. ప్రకటించిన టెండరుకు మామూలుగా కనీసం మూడు వారాలు గడువివ్వాలన్నది నియమం. దాన్ని ఏ కంప్యూటరూ తగ్గించదు. తగ్గింది ఫైలు నడిచే కాలం. తపాలా లేదు, స్టేట్‌మెంటు టైపు లేదు, అదనపు వివరణ కావాలంటే పదిహేను రోజుల ఉత్తరాలు లేవు. మా దగ్గర రెండు మూడు నెలలు పట్టిన కొనుగోలు నెలన్నరకు వచ్చింది. కానీ స్పెసిఫికేషన్ తప్పుగా ఉండి టెండరు రద్దయితే మొత్తం మళ్లీ మొదటి నుంచి. పాత రోజుల్లో ఫోన్ చేసి "కొంచెం సవరించి ఇవ్వండి" అనేవాళ్లం. అది తప్పే, కానీ పని జరిగేది. ఇప్పుడు ఆ సందు మూసుకుపోయింది. మూసుకుపోవడం మంచిదే. ఆ సందు లేనప్పుడు మొదటి కాగితం శ్రద్ధగా రాయాలని మాత్రం చాలా ఆఫీసులు ఇంకా నేర్చుకోలేదు.

కిటికీ కవర్ల కథ

రెన్యువల్ నోటీసులు పంపే కవర్లకు ముందు వైపు పారదర్శక కాగితం అతికించిన చిన్న కిటికీ ఉంటుంది. లోపల మడిచిన నోటీసు మీది చిరునామా అందులోంచి కనిపించాలి. ఒక ఏడాది ఈ-టెండరులో మేం రాసింది ఇంతే: తెల్ల కాగితం, 80 జీఎస్ఎం, కిటికీ ఉన్న కవరు, ఇన్ని వేలు. కిటికీ ఏ వైపు, అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్లు అన్నది రాయలేదు. ఎందుకు రాయలేదంటే, ఇదివరకు వేసిచ్చే ప్రెస్సుకు మా కవరు కంఠతా వచ్చు. మాకు రాయాల్సిన అవసరమే పడలేదు.

అందరికంటే తక్కువ కోట్ చేసిన వ్యాపారి దూరపు ఊరివాడు. కవర్లు ఇచ్చాడు. తెల్లగానే ఉన్నాయి, బరువు సరిపోయింది, కిటికీ ఉంది. కుడివైపు ఉంది. మా నోటీసు మీద చిరునామా ఎడమవైపు. కిటికీలోంచి సగం పాలసీ నంబరు, సగం ఖాళీ కనిపించింది. తిప్పి పంపిద్దామంటే మేం రాసినదాంట్లో ఆయన తప్పేమీ లేదు. చేత్తో చిరునామాలు రాసి పంపాం, ఆలస్యమైంది. వాహన బీమా గడువు దాటిందంటే ఆ మధ్యలో ప్రమాదం జరిగితే కంపెనీ రూపాయి ఇవ్వదు. తొంభై రోజుల్లో రెన్యూ చేయకపోతే ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. మా కవర్ల పుణ్యమా అని ఎవరికి ఏం పోయిందో నాకు తెలియదు. కానీ ఆ వారం కౌంటరు దగ్గర తిట్లు తిన్నది మేమే. కొనుగోలు నివేదికలో మాత్రం ఆ టెండరు విజయవంతం. ధర తగ్గింది, గడువులో ముగిసింది, ఆడిట్ అభ్యంతరం లేదు.

తర్వాతి ఏడాది మా అసిస్టెంట్ మేనేజరు ఒక కవరు విప్పి, స్కేలు పెట్టి కొలిచి, బొమ్మ గీసి టెండరుకు జతచేశారు. శాంపిల్ చూపించి ఒప్పించుకున్నాకే మొత్తం వేయాలని ఒక షరతు పెట్టారు. ఈసారీ దూరపు ఊరివాడికే వెళ్లింది, తక్కువ ధరకే. కవర్లు చక్కగా వచ్చాయి. పోర్టల్ రెండుసార్లూ అదే. మారింది ఆ ఒక్క బొమ్మ.

మనుషుల్ని కొన్నప్పుడు

వాచ్‌మన్లు, ఊడ్చేవాళ్ల కాంట్రాక్టులో ఇంకో రకం ఇబ్బంది ఉంది. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ చట్టం చెప్పినంత ఇచ్చి తీరాలి. ఏజెన్సీలు పోటీ పడగలిగేది తమ సర్వీస్ ఛార్జీలోనే. సున్నా ఛార్జీ కోట్ చేస్తే ఆ బిడ్ చెల్లదు కాబట్టి అందరూ అనుమతించిన కనిష్ఠం దగ్గరే ఆగుతారు. పది మంది ఒకే అంకె దగ్గర నిలబడితే చివరికి కంప్యూటరు చీటీ తీసినట్టు ఒకరిని ఎంచుతుంది. అలా వచ్చిన ఏజెన్సీ మనుషులకు జీతం సరిగ్గా ఇస్తుందా, పీఎఫ్ కడుతుందా అన్నది నెలనెలా చలాన్లు అడిగి చూసే గుమాస్తా మీద ఆధారపడుతుంది. మా గేటు దగ్గర వాచ్‌మన్ ఒకాయన రెండు నెలల జీతం రాక, మూడో ఏజెన్సీ కిందికి మారి, అదే స్టూలు మీద కూర్చునేవాడు.

తక్కువ ధర ఒక్కటే కొలబద్ద కాకూడదని ప్రభుత్వం కూడా గుర్తించింది. 2021 అక్టోబరులో ఆర్థిక శాఖ ఇచ్చిన ఉత్తర్వుల్లో, నాణ్యత ముఖ్యమని పై అధికారి ప్రకటించిన కొన్ని కొనుగోళ్లలో నాణ్యతకు 30 శాతం వరకు మార్కులు ఇవ్వొచ్చన్నారు. కింది ఆఫీసర్లు దాన్ని వాడటానికి భయపడతారు. తక్కువ ధరకి ఇస్తే ఎవరూ అడగరు. ఎక్కువ ధరకి ఇస్తే ఐదేళ్ల తర్వాత కూడా విజిలెన్స్ నుంచి ఉత్తరం రావచ్చు. రిటైర్మెంటు దగ్గర పడినవాడు ఏ దారి పడతాడో మీరే చెప్పండి.

క్లెయిముల వైపు

ఇందాక చెప్పిన పెద్ద ముద్ద ఇది. ఇక్కడ ఈ-కొనుగోలు అందంగా పనిచేసిన చోటు ఒకటుంది, అది నిజానికి కొనుగోలు కాదు, అమ్మకం. పూర్తిగా దెబ్బతిన్న కారుకి కంపెనీ పూర్తి పరిహారం ఇస్తే, ఆ శిథిలాన్ని అమ్ముకుంటుంది. దాన్ని సాల్వేజ్ అంటారు. ఇదివరకు మెకానిక్ షెడ్డు దగ్గరకు ఊళ్లోని నలుగురు పాత ఇనుము వాళ్లు వచ్చి, టీ తాగి, తమలో తాము మాట్లాడుకుని ఒక ధర చెప్పేవారు. ఇప్పుడు ఫొటోలు పెట్టి ఆన్‌లైన్ వేలం వేస్తారు. వేరే రాష్ట్రాల వాళ్లు కూడా పాడతారు. వచ్చిన ప్రతి అదనపు రూపాయీ క్లెయిము ఖర్చులో తగ్గుతుంది. మన పాఠకుల్లో ఎవరి కారైనా ఇలా పోతే ఒక జాగ్రత్త: ఆర్‌సీ కొన్నవాడి పేరుకు మారిందో రద్దయిందో రాతపూర్వకంగా తెలుసుకోండి. మీ పేరు మీదే ఆ నంబరు తిరిగితే చలాన్లు మీ ఇంటికే వస్తాయి.

సర్వేయర్లను మాత్రం వేలంలో కొనలేరు, కొనకూడదు. బీమా చట్టంలోని 64యూఎం సెక్షన్ ప్రకారం ఒక మొత్తం దాటిన నష్టాన్ని లైసెన్సు ఉన్న సర్వేయరే చూడాలి. తక్కువ ఫీజుకు వచ్చినవాడికి అప్పగించి, నష్టం తప్పుగా లెక్కకడితే ఫీజులో మిగిల్చింది కోర్టు ఖర్చులకు సరిపోదు. టీపీఏ సేవలు, క్లెయిము సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ఆసుపత్రిలో క్యాష్‌లెస్ అడిగితే గంటలో, డిశ్చార్జి బిల్లుకు మూడు గంటల్లో జవాబివ్వాలని ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. ఈ సేవల కొనుగోలు ఎంత బాగా జరిగిందో టెండరులో తగ్గిన ధరను బట్టి తెలియదు, ఆ మూడు గంటలు నిలబడ్డాయా లేదా అన్నదాన్ని బట్టే తెలుస్తుంది. మీ నాన్నగారి డిశ్చార్జి కోసం సాయంత్రం దాకా బిల్లింగ్ కౌంటరు దగ్గర నిలబడ్డారంటే, ఎక్కడో ఎవరో ఏదో చవగ్గా కొన్నారేమో అని నాకు అనుమానం వస్తుంది. వృత్తి దోషం.

ఆన్‌లైన్ అయితే కుమ్మక్కు ఉండదని కూడా అనుకోవద్దు. బీమా కంపెనీలే అమ్మకందారులుగా ఉన్న ఒక టెండరులో, కేరళ ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం విషయంలో, నాలుగు ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీలు కూడబలుక్కున్నాయని పోటీ కమిషన్ 2015లో దాదాపు 671 కోట్ల జరిమానా వేసింది. మరుసటి ఏడాది అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని సుమారు రెండు కోట్లకు తగ్గించింది. మాట్లాడుకునేవాళ్లు టెండరు పెట్టె ముందూ మాట్లాడుకోరు, స్క్రీను ముందూ మాట్లాడుకోరు. వేరే గదిలో మాట్లాడుకుంటారు. కాకపోతే స్క్రీను మీద జరిగినది చెరగదు. ఎవరు, ఎప్పుడు, ఎంత అన్నది ఉండిపోతుంది. నా టైపు మిషన్ కొటేషన్లు ఇవాళ ఏ గోడౌన్‌లో చెదలు తిన్నాయో.

మన ప్రెస్సు సంగతి

మన సభ్యుడి ఆర్డర్లు ఆగడానికి ఆన్‌లైన్ ఒక్కటే కారణం కాదు. 2020 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు క్యాలెండర్లు, డైరీలు, గ్రీటింగ్ కార్డులు అచ్చు వేయవద్దని ఉత్తర్వు ఇచ్చింది. శివకాశి దాకా దెబ్బ తగిలిన ఉత్తర్వు అది. తర్వాత పాలసీలే ఎలక్ట్రానిక్ రూపంలోకి వచ్చాయి. నోటీసులు ఎస్ఎంఎస్‌గా మారాయి. అచ్చు పనే సగం పోయింది. మిగిలిన సగం కోసం పోటీ పెరిగింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇతర భాషల ఊళ్లలో తరాలుగా ఉంటున్న మనం పరిచయాల మీద బతికాం. ఆఫీసులో ఒక తెలుగాయన ఉంటే పని తేలిక. నేనూ అలాంటి తెలుగాయన్నే, దాచేదేముంది. పోర్టల్‌కి మన ఇంటి భాష తెలియదు. అది మనకు పోగొట్టినది ఆ పరిచయం. ఇచ్చినది, బరంపురంలో కూర్చుని బెంగళూరు ఆఫీసుకు, హోసూరులో కూర్చుని ముంబై ఆఫీసుకు బిడ్ వేసే వీలు. టెండరు పత్రాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోక తప్పదు.

ఆయన కాగితాలన్నీ తెప్పించి చూశాను. రెండేళ్ల క్రితం ఒక బిడ్ వేశారు, ధరావతు సొమ్ము కట్టలేక మధ్యలో మానేశారు. ఆయనకు కట్టాల్సిన అవసరమే లేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ధరావతు నుంచి, టెండరు పత్రాల రుసుము నుంచి మినహాయింపు ఉంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ ఏడాది కొనుగోళ్లలో కనీసం 25 శాతం ఇలాంటి యూనిట్ల దగ్గరే కొనాలి. అందులో మహిళల యూనిట్లకు 3 శాతం, ఎస్సీ ఎస్టీలవాటికి 4 శాతం. మీ ధర అతి తక్కువ ధర కంటే 15 శాతం లోపు ఎక్కువగా ఉంటే, ఆ తక్కువ ధరకు దిగి ఆర్డరులో కొంత భాగం తీసుకునే అవకాశం కూడా మీకు ఇవ్వాలి. వీటన్నిటికీ ఉద్యం నమోదు ఉండాలి. అది ఉచితం, దళారి అక్కర్లేదు. ఒక మెలిక గుర్తుంచుకోండి: ఈ కొనుగోలు ప్రయోజనాలు తయారుచేసేవాళ్లకు, సేవలిచ్చేవాళ్లకు. ప్రెస్సుకు వర్తిస్తాయి. ఇంకొకరు చేసిన సరుకు తెచ్చి అమ్మే స్టేషనరీ షాపుకు వర్తించవు, ఆ షాపుకు ఉద్యం నంబరు ఉన్నా సరే.

డబ్బు రాకపోతే? జెమ్ పద్ధతిలో సరుకు అందాక పది రోజుల్లో అంగీకార పత్రం, ఆ తర్వాత పది రోజుల్లో చెల్లింపు జరగాలి. జెమ్ బయట అయినా 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. సరుకు దింపిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే లెక్క. అందుకని డెలివరీ చలానా మీద తేదీతో సంతకం తీసుకోకుండా లారీని వెనక్కి రానివ్వకండి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఈ గడువు ప్రైవేటు బీమా కంపెనీలకూ వర్తిస్తుంది.

డిజిటల్ సంతకం టోకెన్ గడువు ఎప్పుడు ముగుస్తుందో గోడ మీద రాసి పెట్టుకోండి. మనవాళ్లలో ఒకరికి బిడ్ చివరి రోజు సాయంత్రం నాలుగింటికి తెలిసింది, అది ముందు రోజే ముగిసిందని. అప్‌లోడ్‌లు చివరి గంటకు పెట్టుకోవద్దు. బిడ్ వేసేముందు స్పెసిఫికేషన్ మొత్తం చదవండి, సందేహం ఉంటే గడువులోపే రాసి అడగండి. కిటికీ ఏ వైపో అడిగేవాడు ఒక్కడు ఉన్నా మా కవర్ల గొడవ తప్పేది.

వచ్చే ఆదివారం సమావేశం తర్వాత ఒక గంట సంఘం ఆఫీసులోనే కూర్చుంటాను. ఉద్యం నమోదు చేయించుకోవాలనుకునేవాళ్లు ఆధార్, పాన్, ఆధార్‌కి జోడించిన ఫోను తెచ్చుకోండి. మన ప్రెస్సాయన కొడుకు ల్యాప్‌టాప్ తెస్తానన్నాడు. ఆ అబ్బాయి ఇప్పటికే రిజిస్టర్ల కోసం ఒక బిడ్ తెరిచి చూస్తున్నాడు. స్పెసిఫికేషన్‌లో బైండింగ్ ఏ రకమో రాయలేదట. అడుగుతూ రాశాడు, జవాబు ఇంకా రాలేదు.